కొత్తకు ముందు కాచిన కాఫీ పాకం

పోయిన నెల ఒక పత్రికలో, ఇల్లాళ్ళ కోసం కేటాయించిన పేజీలో, మన్యపు కాఫీ పాకం అని ఒక వంటకం అచ్చయింది. కింద నా పేరుంది. పేరుకు ముందు "పాకశాస్త్ర పరిశోధకులు" అని ఒక బిరుదు కూడా తగిలించారు. పాతికేళ్ళు సర్కారు కాగితాలకు నకళ్ళు రాసి కళ్ళజోడు తప్ప మరేమీ సంపాదించని నాకు, ఉన్నట్టుండి ఒక శాస్త్రం కూడా దఖలు పడిందన్నమాట.

ఆ పాకం మా బంధువర్గంలో ఎప్పటినుంచో ప్రసిద్ధం. ఏటా ఆశ్వయుజం రాగానే మా ఇంట్లో పెద్ద ఇత్తడి గిన్నె పొయ్యి మీదికెక్కుతుంది. గుమ్మడికాయ కోసేది మా ఆవిడ, పిండేది మా ఆవిడ, చెయ్యి నొప్పి పుట్టేదాకా తిప్పేది కూడా మా ఆవిడే. కనిపెట్టినవాణ్ణి గనక నేను కుర్చీలో కూర్చుని "ఇంకొంచెం ముదరనీ" అంటూ ఉంటాను. తరవాత బంధువులు సీసాలు పట్టుకొస్తారు. వాళ్ళు తాగుతుంటే నేను కథ చెబుతాను. కొండల మీద ఒంటరిగా, చలిజ్వరంతో వణుకుతూ, దిక్కుతోచక అడవి దినుసులతో ఈ పాకం కనిపెట్టానని మొదటి ఏడాది చెప్పాను. మూడో ఏడాదికి కథలోకి పులి కూడా వచ్చింది.

నోటితో చెప్పినంత కాలం అది కబురే. అచ్చులో చూసుకున్నాక అన్నం సయించలేదు. పత్రిక వాళ్ళకు సవరణ రాశాను. పాకం నాది కాదు, బంగళాలో వంట చేసే ఒక కొండ మనిషిదని. వారు మర్యాదగా జవాబిచ్చారు. అటువంటి వివరాల మీద పాఠకులకు ఆసక్తి ఉండదట, వీలైతే అల్లం మురబ్బా గురించి రాసి పంపమన్నారు. అందుకని జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను. పులి రాలేదు. జ్వరం వచ్చింది గాని, అది పాకం తరవాత.

పందొమ్మిది వందల ఇరవైల నడుమ, గూడెం కొండల్లో పితూరీ అణిగిన మరుసటి ఏడు, నన్ను అరకు పక్కన ఒక సర్కారు బంగళాకు గుమాస్తాగా వేశారు. శృంగవరపుకోట దాటాక ఎద్దుబండి మీద ఘాటెక్కి, మూడో రోజుకు చేరాను. నా సామానులో ముఖ్యమైనది కాఫీ పొడి డబ్బా. అప్పట్లో మా ఊళ్ళో కాఫీ కొత్త. ఏ ఇంట్లో రెండు పూటలా కాఫీ తాగుతారో ఆ ఇల్లు నాగరికమైనదని లెక్క. నేను మూడు పూటలా తాగేవాణ్ణి. బంగళాకు ఒక మైలు దూరంలో ఒక దొర వేసిన కాఫీ తోట ఉంది. అక్కడి గింజలు బస్తాల్లో కొండ దిగి వెళ్ళి, ఎక్కడో వేగి, పొడై, డబ్బాలో పడి, నా నెత్తిన ఎక్కి మళ్ళీ అదే కొండ మీదికి వచ్చేవి. దీంట్లో వింతేమీ నాకు కనిపించలేదు. గింజను నేరుగా తోటలో అడిగి పుచ్చుకోవడం నామోషీ అనుకునేవాణ్ణి.

బంగళాలో వంటకు పక్క ఊరి నుంచి ఒక విధవరాలు వచ్చేది. నలభై దాటిన మనిషి. నేను ఇరవై అయిదేళ్ళవాణ్ణి, అయినా ఆమెను "ఏమే" అని పిలిచేవాణ్ణి. దిగిన మొదటి పొద్దున డికాక్షను దించి, పాలు తెమ్మన్నాను.

"పాలెక్కడివి బాబూ?" అంది.

"ఊళ్ళో అన్ని ఆవులున్నాయిగా. పితికించుకు రా."

"పాలు దూడవి గదేటి. నువ్వేటి, దూడవా?"

హాస్యమాడుతోందనుకున్నాను. కాదు. ఆ కొండల మీద ఆవును పితకరు. ఆవు పాలు దూడ తాగాలి, దూడ ఎదిగి నాగలి లాగాలి, అంతే. మధ్యలో మనిషి వెళ్ళి పొదుగు దగ్గర కూర్చోవడం వాళ్ళకు ఎంత అసహ్యమో, పాలు లేని కాఫీ నాకంత అసహ్యం. నాలుగు రోజులు నల్లగా తాగాను. ఐదో రోజు మొహం చిట్లించుకుని కూర్చుంటే ఆమె గ్లాసు వాసన చూసింది.

"కాలిన గింజల కసాయం. దీనికోసరం ఇంత బెంగేటి బాబూ? ఉండు, నాను సేత్తాను గాని."

ఆమె చేసిన విధానం ఇది. పత్రికలో వేసింది ఇందులో సగం కూడా కాదు.

వాళ్ళ ఇళ్ళల్లో వెనకటి ఏడు పండిన గుమ్మడికాయలు అటక మీద, పొయ్యి పొగ తగిలేచోట ఉంటాయి. ఏడాదైనా చెడవు. పెచ్చు చెక్కలా గట్టిపడి లోపల గుజ్జు తేనె రంగుకు తిరుగుతుంది. అలాంటి కాయ ఒకటి తెచ్చి నిప్పుల్లో పెట్టి, పెచ్చు నల్లబడేదాకా కాల్చింది. గుజ్జు తీసి పాత గుడ్డలో కట్టి పిండితే చిక్కటి రసం వచ్చింది. దాంట్లో బెల్లం వేసి మట్టి దాకలో పెట్టింది. అల్లం దంచి వేసింది. అడవిలో దొరికే పిప్పళ్ళు ఐదారు, దాల్చిన చెక్క లాంటి ఒక అడవి చెక్క వేసింది. అది పొంగి పొంగి అణిగాక, నా డికాక్షను సగం అందులో పోసి మళ్ళీ కాచింది. గరిటెతో ఎత్తితే తీగలా సాగాలి, తీగ తెగేటప్పుడు వెనక్కి ముడుచుకోవాలి. అప్పుడు దింపి, చల్లార్చి, ఎండిన ఆనపకాయ బుర్రలో పోసి మూత బిగించింది. ఒక గరిటెడు పాకం గ్లాసులో వేసి వేడినీళ్ళు పోస్తే చాలు. గుమ్మడి రసం పాల చిక్కదనం ఇచ్చేది. అల్లం గొంతులోకి దిగి చలిని కాస్త పక్కకు జరగమనేది. ఆశ్వయుజ మాసపు ఆ మంచులో, ఆ గ్లాసు చేత్తో పట్టుకుని, నేను లోకంలోకెల్లా నాగరికుణ్ణని మళ్ళీ నమ్మడం మొదలుపెట్టాను.

ఆమెకు మాత్రం కాఫీ నచ్చలేదు. పాకం దింపే ముందు ఒక బొట్టు అరచేతిలో వేసుకుని నాకి చూసేది, ఉప్పు చూసినట్టు. "తీపయింది. ఇంక తాగీ" అనేది. ఆ బొట్టు తప్ప ఆమె ఎప్పుడూ తాగలేదు.

పది రోజుల తరవాత మా ఆఫీసు దొర కాంపుకు వచ్చాడు. ఆయనకు ఒక గ్లాసు ఇచ్చాను. తాగి, కనుబొమ్మలు ఎత్తి, ఇది ఎవరు చేశారని అడిగాడు. వంటింటి గుమ్మంలో ఆమె నిలబడి ఉంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. నాకు వచ్చు. "నేను కనిపెట్టానండీ" అన్నాను. ఇంగ్లీషులో అది ఎంతో సులువుగా వచ్చింది. అబద్ధాలన్నీ ఆ భాషలో నాకు సులువుగానే వచ్చేవి, అందులో రాసి పంపే నివేదికల వల్ల అభ్యాసం. దొర నా భుజం తట్టాడు. వారం తిరక్కుండా ఆయన పైవాడు సకుటుంబంగా వస్తున్నాడని, పది పన్నెండు సీసాలకు సరిపడా కాచమని చెప్పాడు. ప్రమోషను మాట కూడా గాలిలో విడిచిపెట్టాడు, నేను దాన్ని గాలిలోనే పట్టుకున్నాను.

ఆమెను పిలిచి చెప్పాను. ఆమె తల అడ్డంగా తిప్పింది.

"పాత కాయలు అయిపోనాయి బాబూ. మా ఇంట్లోవీ అయిపోనాయి, పక్కింటోల్లవీ నీకే తెచ్చీసినాను."

"నీ ఇంటి కప్పు మీద తీగకు మూడు కాయలు కనిపిస్తున్నాయిగా. ఇంతింత కాయలు."

"అవి కొత్తవి. కొత్త అవ్వనేదు గదా."

కొత్త అంటే వాళ్ళ పండగ. చేలో పండిన కొత్త గింజ గాని, కొత్త కాయ గాని, ముందు ఊరి దేవతకు పెట్టిందాకా ఎవరూ నోట పెట్టరు. దిసారి, అంటే వాళ్ళ ముహూర్తాలు చూసే పెద్ద, రోజు చెప్పాలి. ఆ రోజు ఒక ఇంటివాళ్ళు కొత్త సామలు, కొత్త చిక్కుడు, కొత్త గుమ్మడి కలిపి ఒక కుండలో వండి దేవతకు పెడతారు. తరవాత ఊరంతా ఒకే వరసలో కూర్చుని తింటుంది. ముందే తిన్నవాళ్ళు తప్పు చేసినట్టు. వాళ్ళు వరసలో కూర్చోకూడదు, తప్పు తీర్చుకునేదాకా వాళ్ళ చేతి వంట ఊళ్ళో ఎవరూ ముట్టరు.

"ఈ ఏడు కుండ మా గడపది బాబూ" అంది ఆమె. ఆ మాట చెప్పేటప్పుడు మనిషి కొంచెం పొడుగైనట్టు కనిపించింది. "పద్దెనిమిది గడపలు మాయి. నా పెల్లయి వొచ్చినకాడి నుంచి మా గడప వొంతు ఒక్కసారి వొచ్చింది. అప్పుడు మా అత్త వొండింది. ఇప్పుడు నాను. ఆ మూడు కాయలూ తల్లివి."

"ఇంకా ఎన్నాళ్ళు మీ కొత్త?"

"దిసారి సెప్పాల."

"మా దొర మీ దిసారి కోసం ఆగుతాడా?"

"మరి మా తల్లి మీ దొరకోసరం ఆగుతాదేటి?"

నేను నవ్వాను. ఒక గుమ్మడికాయ తినడానికి దేవత అనుమతి ఏమిటని నాలుగు మాటలు అన్నాను. ఏకాదశినాడు ఉల్లిపాయ తగిలిన గరిటె ముట్టుకోని ఇంట్లో పుట్టినవాణ్ణి నేను. ఆ సంగతి ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు. ఎదటివాళ్ళ మడి ఎప్పుడూ మూఢత్వంలాగే కనిపిస్తుంది, మనదే ఆచారం.

మర్నాడు అరకు సంత. బెల్లం, అల్లం తెమ్మని ఆమెను పొద్దున్నే పంపాను. ఊళ్ళో జనం కూడా సంతకు వెళ్ళారు. నేను వంటింటి కత్తి తీసుకుని ఆమె ఇంటి వెనక్కి వెళ్ళి, కప్పు మీది నుంచి రెండు కాయలు కోసి తెచ్చాను. మూడోది చిన్నదని వదిలేశాను. అది నా దయ అని అప్పట్లో అనుకున్నాను.

పాకం నేనే కాచాను. కొత్త కాయలో నీరెక్కువ, ఎంత కాచినా తీగ రాలేదు. చేతులు కాలాయి. పెచ్చులు, గింజలు వంటింటి వెనక పారబోశాను. ఆమె సాయంత్రం సంత నుంచి ఇంటికి వెళ్ళకుండా, బెల్లం బుట్ట దించుదామని నేరుగా బంగళాకే వచ్చింది. దాకలో చూసింది.

"గుమ్మడి ఎక్కడిది బాబూ?"

"దొర మనుషులు కింద నుంచి తెచ్చారు. పాత కాయలు. మీ కొండవి కావు, మీ తల్లికి వాటితో పనిలేదు."

ఆమె నమ్మింది. అలవాటుగా గరిటె ఎత్తి, ఒక బొట్టు అరచేతిలో వేసుకుని, నాకింది.

నేను చూస్తూ ఉన్నాను. వద్దనడానికి సమయం ఉంది. గరిటె దాకలోంచి అరచేతికి, అరచెయ్యి నోటికి వెళ్ళేంత సమయం.

"నీరు ఎక్కువయింది" అంది. "ఇలాగయితే మూడు దినాలకి పులిసీద్ది. నువ్వు ఎల్లి కూకో." పొయ్యిలో కట్టెలు ఎగదోసి, పాకం సరిగా ముదిరిందాకా నిలబడి తిప్పింది. మధ్యలో ఇంకో రెండు సార్లు నాకి చూసింది.

మర్నాడు పొద్దెక్కాక ఊరి పెద్ద, దిసారి, ఇంకో నలుగురు బంగళా ముందుకు వచ్చారు. పెచ్చులు పందులు ఈడ్చుకుంటూ ఊళ్ళోకి తెచ్చాయట. వెనక ఆమె ఉంది. ఆమె అప్పటికే తన కప్పు చూసుకుని ఉంటుంది. వరండాలో దొర పడక కుర్చీలో కూర్చుని కొత్త పాకంతో కాఫీ తాగుతున్నాడు. పితూరీ తరవాత కొండవాళ్ళ జోలికి పోవద్దని, వాళ్ళ చేనులో కంకి కూడా ముట్టవద్దని మాకు గట్టి ఉత్తర్వులు. నాకు ఆ ఉత్తర్వుల నకలు బాగా గుర్తు, రాసింది నేనే.

"ఎవులు కోసినారు బాబూ?" అని పెద్ద నన్ను అడిగాడు. వినయంగానే అడిగాడు.

"వంటపని ఆమెది. గుమ్మడికాయల సంగతి నాకు తెలియదు" అన్నాను.

ఈసారి తెలుగులోనే వచ్చింది, అదీ సులువుగానే.

ఆమె నా వైపు చూస్తుందనుకున్నాను. చూడలేదు. దిసారి ఆమె వైపు తిరిగాడు.

"నోట్లో పడిందా?"

"పడింది."

"ఎరిగి తిన్నావా, ఎరక్క తిన్నావా?"

"పడింది గదా" అంది.

వాళ్ళు వెళ్ళిపోయారు. ఏం జరిగిందని దొర అడిగితే, వాళ్ళ పండగ విషయం, మనకు సంబంధం లేదని చెప్పాను. ఆయన రెండో గ్లాసు అడిగాడు.

తొమ్మిది రోజులకు కొత్త వచ్చింది. కుండ పక్క గడపకు పోయింది. నన్ను పండగకు పిలిచారు, సర్కారు మనిషిని గనక. పీట వేశారు. వరసలో అందరికంటె ముందు నాకే వడ్డించారు. రెండు గుమ్మడికాయల రసం ముందే తాగినవాణ్ణి, అడ్డాకు విస్తరి ముందు కూర్చుని దేవత ప్రసాదం శుభ్రంగా తిన్నాను. ఆమె వరసకు దూరంగా, దడి బయట, నిలబడి ఉంది. తప్పు తీర్చుకోవడానికి మేకను ఇచ్చిందని తరవాత విన్నాను. ఉన్నది ఒక్కటే మేక.

వంటకు మాత్రం రావడం మానలేదు. నా అన్నం వండేది, వెళ్ళిపోయేది. పాత గుమ్మడి ఎక్కడైనా దొరికితే పాకం కాచమని ఒకరోజు అడిగాను. ఇంకా బుద్ధి రాలేదని మీరే అనుకోండి.

"దొరకాడ నువ్వే కనిపెట్టినావంట గదా బాబూ. బంట్రోతు సెప్పినాడు. నువ్వే కాసుకో."

నేను కాచుకున్నాను. ఆమె చేతి పని చూసి చూసి వచ్చినదే గనక ఓ మాదిరిగా కుదిరింది. తరవాత జ్వరం వచ్చి, దాని పుణ్యమా అని బదిలీ అయింది. బయలుదేరే ముందు దిసారి ఇంటిదాకా వెళ్ళాను. ఒక్క వాక్యం చెప్పాలి, అంతే. గుమ్మంలో ఆయన "ఏటి బాబూ, ఇలాగొచ్చినావు" అన్నాడు. జ్వరానికి ఏదైనా వేరు ఉంటే ఇమ్మన్నాను. ఇచ్చాడు.

పత్రిక వచ్చాక, పోయిన వారం, ఇరవై ఏళ్ళ తరవాత, లారీ ఎక్కి మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. సంతలో ఒక మేకను కొన్నాను, మంచి మేక. ఆమె తప్పుకు ఇచ్చిన మేకకు బదులుగా ఊరిముందు నేను తప్పు కట్టి, నిజం చెప్పి రావాలని నా ఏర్పాటు. దారిలో ఉపన్యాసం కూడా సిద్ధం చేసుకున్నాను.

పాత దిసారి పోయాడు, ఆయన కొడుకు ఉన్నాడు. ఆమె ఉంది. అరుగు మీద కూర్చుని చిక్కుడు గింజలు తడిమి తడిమి ఒలుస్తోంది. కళ్ళు కనపడటం లేదు. గొంతు గుర్తుపట్టింది.

"గుమాస్తా బాబేనా. కాపీ దొరుకుతాందా కింద?"

పది మంది చేరారు. నా ఉపన్యాసం చెప్పాను. కాయలు కోసింది నేనని, ఆమెకు తెలియక నాకిందని, పెద్దల ముందు అబద్ధం చెప్పానని. చెప్పి, తల వంచుకుని నిలబడ్డాను. ఎవరో ఆవలించారు.

"అది అందరికీ అప్పుడే తెలుసు గదా బాబూ" అంది ఆమె. "మేం గుమ్మడికాయ కత్తెట్టి కొయ్యం. మెలిపెట్టి తెంపుతాం. కప్పు మీన తొడిమిలు ఏటవాలుగా కోసున్నాయి. మా పెద్దోల్లు సూసినారు, దిసారి సూసినాడు."

"తెలిసి కూడా నీకు ఎందుకు తప్పు వేశారు?"

"నా నోట్లో గదా పడింది."

"మరి నాకు?"

ఆమె ఒలుస్తున్న చిక్కుడుకాయ పక్కన పెట్టింది. నేను అడిగింది అర్థం కానట్టు మొహం పెట్టింది. జవాబు కుర్ర దిసారి చెప్పాడు. "తప్పు మా మనిసికి ఏత్తాం బాబూ. నీకెలాగేత్తాం?"

మేకను తీసుకోమని బతిమాలాను. పుచ్చుకోకూడదన్నారు. ఒక మేకతో తీరిపోయిన తప్పుకు రెండో మేక ఉండదట. పోనీ ఊరికే ఉంచుకోండి అంటే, ఊరికే వచ్చిన మేకకు ఏం పేరు పెట్టుకోవాలని ఒక ఆడమనిషి నవ్వింది.

లేచే ముందు, వేళ్ళతో లెక్కపెట్టి, ఆమెను అడిగాను. "పద్దెనిమిది గడపలన్నావు. మీ వంతు మళ్ళీ వచ్చి ఉండాలే."

"వొచ్చింది, రెండేల్లయింది."

"వండావా?"

"కోడలొండింది. నాకు కల్లు కనపడవు గదా బాబూ, కుండలో ఏటి పడతాదో ఏటో." గింజలు చేత్తో వెతుక్కుని మళ్ళీ ఒలవడం మొదలుపెట్టింది. "బాగా వొండింది నే. నాను పక్కన కూకోని అల్లం ఎంతెయ్యాలో సెప్పినాను."

లారీవాడు మేకను ఎక్కించనన్నాడు. అనంతగిరి దాకా దాన్ని నడిపించుకుంటూ దిగాను.